ఎడమచెయ్యి చెల్లదు

"కూరలు చల్లారిపోతున్నాయి. తేల్చేదేదో తేల్చండి," అంది పెద్దకోడలు, గిన్నెల మీద మూతలు సర్దుతూ.

ఎవరూ కంచాల వైపు చూడలేదు.

వారంలో కొట్టు మూసే రోజు అది. మిగిలిన రోజుల్లో కింద గాజు పలకల మధ్య నిలబడి నాలుగు మెతుకులు నోట్లో వేసుకునే ఆ ఇంటివాళ్ళు, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం మేడమీద పొడుగు బల్ల చుట్టూ కలిసి కూర్చుంటారు. తగువేదైనా ఉంటే తిండికి ముందే చేతులెత్తి తేల్చుకుంటారు. ముసలాయన పెట్టిన పద్ధతి అది. కడుపు నిండినవాడికి ఎదుటివాడి మాట చెవికెక్కదని ఆయన అంటుండేవాడు, నోరు పనిచేసిన రోజుల్లో.

ఇప్పుడా నోరు పనిచెయ్యడం లేదు. పక్షవాతం కుడివైపంతా తీసుకుపోయింది. బల్ల చివర దిళ్ళ మధ్య కూర్చోబెట్టారు. అన్నీ వింటాడు. అన్నీ తెలుసు. బదులు చెప్పే దారే లేదు.

"తేల్చడానికి ఇంకా ఏం మిగిలింది వదినా?" అంది చిన్నమ్మాయి. "నిన్న సాయంత్రమే నా కోత కలం పెద్దన్నయ్య జేబులోకి వెళ్ళిపోయింది. చేతులెత్తకముందే."

"భద్రం చేశాను," అన్నాడు పెద్దవాడు. "కోపంలో ఉన్న మనిషి గాజు కోస్తే పలక వృథా."

పెద్దవాడు ఎప్పుడూ అరవడు. అరిచి అమ్మేవాడి సరుకులో ఏదో లోపముందని జనం అనుకుంటారు. మెల్లగా, ఆవలించినట్టు మాట్లాడితే సరుకు నాణ్యమైనదనుకుంటారు. అతను వీధి సంఘానికి అధ్యక్షుడైంది ఆ గొంతుతోనే.

"విషయం చాలా చిన్నది," అన్నాడు. "చిన్నమ్మాయిని రేపటినుంచి కొట్టులోంచి తప్పిద్దాం. ఇంట్లో ఉంటుంది. హాయిగా తింటుంది, నిద్రపోతుంది. కొట్టులో మాత్రం కూర్చోదు. అంతే."

"అంతేనా? కొట్టులో పనిచెయ్యని మనిషి సంఘం ఎన్నికలో నిలబడకూడదు. నిన్న నేను నీ మీద వేసిన నామినేషను రేపు పొద్దున్నే చెల్లకుండా పోతుంది. ఆ ముక్క మింగేశావేం?"

"అది సంఘం నియమం. నేను పెట్టింది కాదు."

"నువ్వే పెట్టావు. తోపుడుబండి మీద ఫోటోలకి చట్రాలు కట్టేవాళ్ళకి ఓటు, పోటీ రెండూ తీసెయ్యడానికి."

"వీధి పెట్టింది. నేను చదివి వినిపించాను."

"చదివి వినిపించి, ఒప్పుకోనివాళ్ళు లేచి నిలబడండి అన్నావు. నిలబడినవాళ్ళ కొట్ల ముందు మర్నాటినుంచి సరుకు లారీ ఆగడం మానేసింది."

"బ్రేకులు పాడయ్యాయేమో," అన్నాడు నడిపివాడు, నవ్వకుండా.

ఎవరూ నవ్వలేదు. నడిపివాడికి కావలసిందీ అదే. ఎవరి వైపూ కాదని తెలియాలంటే ఇద్దరికీ నచ్చని జోకు ఒకటి వెయ్యాలి. గోడమీద పిల్లికి గోడ ఎంత ఎత్తుంటే అంత మంచిది.

"నీకు నామీద కోపం ఎందుకో చెప్పు," అన్నాడు పెద్దవాడు చెల్లెలితో. "వీధిలో కాలువ పొంగుతుంటే బాగుచేయించానా లేదా? దొంగలు పడుతుంటే చివర గేటు పెట్టించానా లేదా? దీపాలు వెలుగుతున్నాయా లేదా?"

"వెలుగుతున్నాయి."

"మరి? ఎన్నిక పెట్టమని ఎవరడిగారు?"

"నేనడిగాను."

"ఒక్కదానివి."

"ఒక్కరు అడిగితే సరిపోదా?"

"సరిపోతుంది," అన్నాడు పెద్దవాడు ఓపిగ్గా. "అడగడానికి సరిపోతుంది. జరగడానికి సరిపోదు."

వీధిలో చాలామంది అతనితో సంతోషంగానే ఉన్నారు. అందులో దాచాల్సిందేమీ లేదు. వానాకాలంలో కొట్ల ముందు నీళ్ళు నిలవడం మానేశాయి. గాజు పెంకులు ఎత్తుకుపోయే బండి వేళకి వస్తోంది. దానికి బదులుగా వాళ్ళు వదులుకున్నది ఎదురు మాట. అది చాలామంది ఇంట్లో అటక మీద పడి ఉన్న వస్తువు. వాడనిది పోతే వెంటనే తెలియదు. పనిపడిన రోజున నిచ్చెన వేసుకుని వెతుకుతారు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు," అన్నాడు పెద్దవాడు లేస్తూ. "ముందు ఇంట్లో గెలువు చూద్దాం. చేతులు కడుక్కుని రండి అందరూ."

*

వంటింటి పక్కన కుళాయి దగ్గర నడిపివాడు పెళ్ళాన్ని ఆపాడు.

నడిపికోడలు ఆ ఇంట్లో ఎక్కువ మాట్లాడని మనిషి. పెళ్ళై వచ్చిన కొత్తలో గాజు ముట్టుకోవడానికే భయపడేది. చిన్నమ్మాయి ఆమెని కోత బల్ల దగ్గర నిలబెట్టి, కలం పట్టించి, చెయ్యి మీద చెయ్యి వేసి గీత గీయించింది. గీసిన గీత కింద వేలితో మెల్లగా నొక్కితే పలక రెండుగా విడిపోవడం చూసి ఆమె చిన్నపిల్లలా నవ్వింది. ఇప్పుడు అద్దాల కోత సగం ఆమె చేతిమీదే నడుస్తోంది. ఆ సంగతి కొట్టుకి వచ్చేవాళ్ళకి తెలుసు. ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా తెలుసుకోలేదు.

"ముందు గది మనకి వస్తుంది," అన్నాడు నడిపివాడు గొంతు తగ్గించి.

కొట్టుకి ముందు గదంటే మాటలు కాదు. వచ్చేవాడు మొదట చూసేది అక్కడ కూర్చున్న మనిషినే. ముందు గదిలో కూర్చున్నవాడు యజమాని. వెనక గోదాములో పలకలు మోయించేవాడు యజమాని తమ్ముడు.

"ఎలా వస్తుంది?"

"మాట్లాడాను."

"ఏమిచ్చి?"

"ఏమిచ్చేదేముంది? చెయ్యెత్తడమేగా. గాలిలో లేచే చేతికి ఖరీదేముంది?"

ఆమె చేతులు తుడుచుకోవడం ఆపింది. "ఎవరి చెయ్యి?"

"మనది."

"మీదా? నాదీనా?"

"మొగుడొకటి, పెళ్ళాం ఒకటి ఎత్తితే ఇల్లు బావుంటుందా? జతగా మాట్లాడాను."

"చెప్పుల జతలాగా."

"అలాగే అనుకో. ఒంటి చెప్పు ఎవడూ కొనడు."

అది పరాచికమనుకునే అన్నాడు. ఆమె కూడా అలాగే తీసుకున్నట్టు తలవంచింది. తువ్వాలు చిలక్కొయ్యకి తగిలించి, ముడతలు సరిచేసింది. నడిపివాడికి ధైర్యం వచ్చింది. నోరెత్తని మనిషి ఒప్పుకున్నట్టేనని అతని లెక్క. గోదాములో ఇన్నాళ్ళూ ఆ లెక్క తప్పలేదు.

"చిన్నమ్మాయి ఎక్కడికి పోతుంది?" అన్నాడు మళ్ళీ. "ఇంట్లోనే ఉంటుందిగా. మనమేం గొంతు కోస్తున్నామా?"

"లేదు," అంది ఆమె. "కలం తీసుకున్నాం అంతే."

*

"ఎడమచేతులు బల్లమీద పెట్టండి," అన్నాడు పెద్దవాడు.

అందరూ పెట్టారు. ఆ నియమం పుట్టింది నడిపివాడి వల్లే. చిన్నప్పుడు ఏదో తగువులో వాడు రెండు చేతులూ ఎత్తి ఇద్దరి లెక్కలో దూరాడు. అప్పటినుంచి ఎడమ అరచెయ్యి బల్లకి ఆనించి, కుడిచెయ్యి మాత్రమే ఎత్తాలని ముసలాయన తీర్పు చెప్పాడు. సమానంగా వస్తే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నోరున్న ప్రతివాళ్ళకీ ఒక చెయ్యి. కోడళ్ళు గడప దాటి లోపలికి వచ్చిన రోజునుంచే వాళ్ళకీ ఒక చెయ్యి. ఇరుగుపొరుగువాళ్ళు నవ్వేవారు. ఆయన పట్టించుకోలేదు.

"చిన్నమ్మాయిని కొట్టులోంచి తప్పించాలనేవాళ్ళు."

పెద్దవాడి చెయ్యి లేచింది. పెద్దకోడలి చెయ్యి, గాజుల చప్పుడుతో, అతని చేతి వెనకే లేచింది. ఆవిడ చెయ్యి ఎప్పుడూ మొగుడి చేతికి నీడ. నడిపివాడు ఒకసారి చెల్లెలి వైపు, ఒకసారి కంచం వైపు చూసి చెయ్యెత్తాడు.

పెద్దవాడు నడిపికోడలి వైపు తిరిగాడు. ఎదురు చూశాడు.

బల్లకింద నడిపివాడి కాలు పెళ్ళాం కాలిని తట్టింది. ఇంకోసారి, గట్టిగా.

"చెయ్యి నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాడు పెద్దవాడు. అతని గొంతులో నిజంగానే దయ ఉంది.

"లేదు బావగారూ. బాగానే ఉంది."

కుడిచెయ్యి ఒళ్ళోనే ఉంది.

పెద్దవాడు ఆమెని కాసేపు చూశాడు. తరవాత తమ్ముణ్ణి చూశాడు. జత అని చెప్పి ఒకటే చేతిలో పెట్టిన వర్తకుణ్ణి చూసే చూపు అది. నడిపివాడు చెవులదాకా ఎర్రబడ్డాడు.

"వద్దనేవాళ్ళు," అన్నాడు పెద్దవాడు.

చిన్నమ్మాయి చెయ్యి లేచింది. నడిపికోడలి చెయ్యి లేచింది. తిన్నగా, నిట్రాటలా నిలబడింది. ఎవరి చెయ్యీ ఆ ఇంట్లో అంత నిటారుగా లేవగా ఎవరూ చూడలేదు.

అప్పుడు బల్ల చివర దిళ్ళు కదిలాయి. ముసలాయన ఎడమచెయ్యి బల్లమీంచి పైకి వస్తోంది. వేళ్ళు వణుకుతున్నాయి. మోచెయ్యి దగ్గర ఆగింది. మళ్ళీ కదిలింది. గడ్డం పైదాకా, చెవిదాకా, తలపైదాకా వచ్చింది. అక్కడ నిలిచింది.

"సమానం," అంది చిన్నమ్మాయి. "మూడూ మూడూ. ఉన్నది ఉన్నట్టే."

"దించండి నాన్నా," అన్నాడు పెద్దవాడు. "ఎడమచెయ్యి చెల్లదు."

"పెద్దన్నయ్యా!"

"నియమం."

"ఆయన కుడిచెయ్యి చచ్చిపోయిందని నీకు తెలీదా?"

"తెలుసు. రోజూ ఆ చేతికి నూనె రాసేది నేనే." అది నిజమే. కూలిమనిషి చేత చేయించనివ్వడు. పొద్దున్నే తనే కూర్చుని రాస్తాడు. "నాన్నగారికీ తెలుసు ఈ నియమం. నాకంటే బాగా తెలుసు. చెప్పమంటారా నాన్నా? వీళ్ళకి తెలీదు. ఆ పూట తమ్ముడు అమ్మమ్మగారింట్లో ఉన్నాడు, చెల్లాయి ఇంకా ఉయ్యాల్లో ఉంది."

ముసలాయన చెయ్యి దించలేదు.

పెద్దవాడు తన కుడి అరచెయ్యి విప్పి బల్లమీద పెట్టాడు. బొటనవేలి మొదట్నుంచి మణికట్టుదాకా తెల్లటి మచ్చ.

"పలక జారి తెగింది. కుట్లు వేసి, కట్టు కట్టి, చెయ్యి మెడకి వేలాడదీశారు. ఆ వారమే ఇదే బల్లమీద నా సంగతి వచ్చింది. నన్ను బడి మాన్పించి కొట్టులో పెట్టాలా వద్దా అని. నాన్న, బాబాయి పెట్టాలన్నారు. అమ్మ వద్దంది. నేను వద్దన్నాను. కుడిచెయ్యి కట్టులో ఉంది కదా, ఎడమచెయ్యి ఎత్తాను. సమానమైతే ఉన్నది ఉన్నట్టే. నా చదువు నాకుండేది. నాన్న ఏమన్నారో తెలుసా? ఎడమచెయ్యి చెల్లదురా అన్నారు. అమ్మ ఏడ్చింది. నియమం ఒకరికోసం వంగితే రేపు అందరికోసం వంగాలి అన్నారు. అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నానా నాన్నా?"

ముసలాయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మాట కాదు. ఎడమచెయ్యి మెల్లగా కిందికి జారింది.

కింద వీధిలో ఎవరో గేటు మూసిన చప్పుడు.

ఆ లెక్కలో తప్పు పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. అప్పుడు చెల్లనిది ఇప్పుడెలా చెల్లుతుంది? ఇన్నేళ్ళు ఆ తూకపురాయి పారెయ్యకుండా దాచుకున్నాడు పెద్దవాడు. సరైన గిరాకీ వచ్చిన రోజున బయటికి తీశాడు.

చిన్నమ్మాయి లేచి తండ్రి పక్కకి వెళ్ళింది. ఆయన కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని పైకెత్తింది. "ఇదిగో కుడిచెయ్యి. లెక్కపెట్టు."

"వదిలెయ్ ఓసారి," అన్నాడు పెద్దవాడు. "నిలబడితే లెక్కపెడతాను."

ఆమె వదల్లేదు.

"వదులు తల్లీ, భుజం జారుతుంది ఆయనకి," అంది పెద్దకోడలు.

చిన్నమ్మాయి వదిలింది. ఆ చెయ్యి నిలబడలేదు. కంచం అంచుమీద పడింది. కంచం ఎగిరి, గిర్రున తిరిగి, చప్పుడు చేస్తూ సర్దుకుంది.

పెద్దవాడు లేచి వెళ్ళాడు. భుజంమీది తువ్వాలుతో తండ్రి కళ్ళు తుడిచాడు. ఎంత మెల్లగా తుడిచాడంటే, చూస్తున్న పెద్దకోడలికి కళ్ళు చెమ్మగిల్లాయి. తరవాత ఆ పడిపోయిన చేతిని తీసి, ఒత్తుకోకుండా దిండుమీద పెట్టాడు.

"మూడు, రెండు," అన్నాడు.

"చిన్నన్నయ్యా," అంది చిన్నమ్మాయి. "నువ్వు చెప్పు. నాన్నది చెయ్యి కాదా?"

"నన్నెందుకు లాగుతావు మధ్యలోకి? నేను నియమాలు చదువుకోలేదు."

"నీవల్లే పుట్టిన నియమం ఇది."

"అయితే నాకో దండ వెయ్యండి," అన్నాడు నడిపివాడు, కంచం ముందుకి లాక్కుంటూ.

*

చేతులెత్తడంలో ఓడినవాళ్ళకి ముందు వడ్డించాలని ఇంకో పద్ధతి ఉంది ఆ ఇంట్లో. ఓడినవాళ్ళు అలగకూడదు, తిండి మానకూడదు. పెద్దకోడలు ఆ పద్ధతి తప్పలేదు. గిన్నెలు తెచ్చి చిన్నమ్మాయి కంచంలో అన్నీ నిండుగా వడ్డించింది.

చిన్నమ్మాయి తింది. ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఏడవలేదు. పని ఒప్పుకున్నట్టు తింది.

"చూశారా," అన్నాడు పెద్దవాడు. "ఇల్లంటే ఇలా ఉండాలి. ఎవరూ గొంతు పెంచలేదు. ఎవరూ తలుపు వెయ్యలేదు. వీధిలో వాళ్ళకి చెబితే నమ్మరు."

"చెబుతావుగా," అంది చిన్నమ్మాయి.

"ఎందుకు చెప్పను? రేపు ఏకగ్రీవం అవుతుంది. వీధంతా ఒక్కమాట మీద ఉందంటే ఆ గౌరవం వేరు. పక్క వీధులవాళ్ళు చూసి నేర్చుకుంటారు."

"ఒక్కమాట కాదు. ఒక్క నోరు."

"ఏదో ఒకటి. శబ్దం తక్కువ." పెద్దవాడు నవ్వాడు. "కోపం పెట్టుకోకు చెల్లాయ్. ఎన్నిక అయిపోనీ. వచ్చే సెలవు రోజున మళ్ళీ చేతులెత్తి నిన్ను కొట్టులోకి తెచ్చుకుందాం. నేనే ముందు ఎత్తుతాను. నీ కలం నీకిస్తాను. నీ అంత తిన్నగా గీసేవాళ్ళు వీధిలో ఎవరున్నారు?"

ఆ మాటతో చిన్నమ్మాయి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఇంతవరకు వెయ్యని దెబ్బ అది. కొట్టులోంచి తరిమినవాడు మళ్ళీ రమ్మని పిలవడం. పిలిచిన రోజున వెళితే అతని దయమీద బతకాలి. వెళ్ళకపోతే, చూశారా ఎంత పొగరో అంటారు.

ముసలాయన నోట్లో ముద్ద పెట్టబోయింది పెద్దకోడలు. ఆయన పెదవులు బిగించాడు.

"అలగకూడదు మామగారూ," అంది ఆవిడ, పసిపిల్లవాడితో అన్నట్టు. "మీరు పెట్టిన పద్ధతే."

పెదవులు విడలేదు. చెంచా అంచుతో ఆవిడ మెల్లగా నొక్కింది. పళ్ళకి తగిలి టక్కుమంది. ఇంకాస్త నొక్కింది. చివరికి విడిపోయాయి. ముద్ద లోపలికి వెళ్ళింది. ఆయన మింగలేదు, ఉమ్మలేదు. బుగ్గలో పెట్టుకుని కూర్చున్నాడు.

"వదిలెయ్ అక్కా," అంది నడిపికోడలు.

ఆ పూట ఆమె తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. అందరూ అటు తిరిగారు. ఆమె తన కంచం తీసుకుని వెళ్ళి కడిగింది. బోర్లించి పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"బావగారూ, సంఘం ఆఫీసు ఇవాళ సాయంత్రందాకా తెరిచే ఉంటుంది కదా?"

"ఉంటుంది. ఎందుకమ్మా?"

"నామినేషన్లు సాయంత్రందాకా తీసుకుంటారు కదా?"

నడిపివాడికి ముద్ద అడ్డం పడి దగ్గొచ్చింది.

"నేనూ కొట్టులోనే పనిచేస్తున్నాను," అంది ఆమె. "కోత బల్ల దగ్గర. అందరికీ తెలుసు."

"వదినా, వద్దు," అంది చిన్నమ్మాయి వెంటనే. "నాకోసం నువ్వెందుకు? వీళ్ళు నిన్ను బతకనివ్వరు."

"నీకోసం కాదులే." ఆమె అతి మామూలుగా అంది. "నా చెయ్యి నాతోనే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరో బేరానికి పెడితేగాని దానికి గిరాకీ ఉందని తెలీలేదు. అంత గిరాకీ ఉన్న వస్తువుని ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఏం లాభం?"

"నీకేం తెలుసు సంఘం సంగతులు?" అన్నాడు నడిపివాడు దగ్గుతూనే. "నలుగురి ముందు నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడగలవా? నీకెవరు ఓటేస్తారు?"

"ఎవరూ వెయ్యకపోవచ్చు. ఏకగ్రీవం మాత్రం అవదు."

పెద్దవాడు మొదటిసారి కంచం పక్కకి జరిపాడు. అతని మొహంలో కోపం లేదు. ధర తెలియని సరుకు ముందు నిలబడ్డ వర్తకుడి మొహం అది. చెల్లెలి ధర అతనికి తెలుసు. తమ్ముడి ధర తెలుసు. తండ్రి ధర చిన్నప్పుడే తెలుసుకున్నాడు. ఈ మనిషిని ఎప్పుడూ తూకం వెయ్యలేదు.

"కూర్చో అమ్మా," అన్నాడు. "ఇది నీ ఒక్కదాని సంగతి కాదు. ఇంటి సంగతి. ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నిన్ను కొట్టులో ఉంచాలా వద్దా అనేది అందరం కలిసి తేలుద్దాం. చేతులు కడుక్కుని రండి."

"తిన్నాక చేతులెత్తకూడదు," అంది చిన్నమ్మాయి. "నాన్న నియమం."

"ఈ ఒక్కసారికి."

"నియమం ఒకరికోసం వంగితే..."

"చెల్లాయ్." గొంతు పెరగలేదు. కానీ ఆ పిలుపులో ఇదివరకు లేని మొన ఏదో ఉంది. "నియమాలు మనకోసం. మనం నియమాలకోసం కాదు. కాలాన్నిబట్టి సర్దుకోవాలి."

బల్ల చివర ముసలాయన బుగ్గలోంచి ముద్ద జారి చొక్కామీద పడింది. ఈసారి తుడవడానికి ఎవరూ లేవలేదు.

నడిపికోడలు కూర్చోలేదు. ఇవతలి గోడవారనున్న చెప్పుల దగ్గరికి నడిచింది. "మీరు ఎత్తుకోండి. నా చెయ్యి వద్దనే వైపు రాసుకోండి. నేను ఆఫీసుకి వెళ్ళొస్తాను."

"నాది కూడా వద్దనే వైపే," అంది చిన్నమ్మాయి, ఎడమ అరచెయ్యి బల్లకి ఆనించి, కుడిచెయ్యి ఎత్తి.

పెద్దవాడి చెయ్యి లేచింది. పెద్దకోడలి వైపు చూశాడు. ఆవిడ చేతిలో ఇంకా చెంచా ఉంది. తోడికోడలి వీపు వైపు చూసింది ఆవిడ. రేపు ఈ బల్లమీదికి వచ్చే పేరు ఎవరిదన్న ఆలోచన ఆవిడ మొహంలో ఒక్కసారి వచ్చి పోయింది. చెంచా కింద పెట్టి, చెయ్యెత్తింది. గాజులు చప్పుడు చెయ్యకుండా ఎత్తింది.

రెండు, రెండు. నడిపివాడి చెయ్యి లేవకపోతే సమానం. సమానమైతే ఉన్నది ఉన్నట్టే. అతని పెళ్ళాం కొట్టు మనిషిగా సాయంత్రంలోపు నామినేషను వేస్తుంది. లేస్తే ఏకగ్రీవం.

"తమ్ముడూ," అన్నాడు పెద్దవాడు.

నడిపివాడు చెయ్యి కడుక్కోలేదు. ఎండిపోయిన వేళ్ళను చూసుకుంటున్నాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. ఆ ఇంట్లో అందరూ ఒకేసారి అతన్ని చూడటం పెళ్ళిరోజు తరవాత ఇదే. గోదాములో ఇన్నాళ్ళూ మోసిన పలకలు, తమ్ముడూ అని పిలిపించుకున్న పిలుపులు, అన్నీ ఆ చూపుల్లో కలిసి ఒక మొత్తంగా కనిపించాయి.

"ముందు గది నీదే అన్నాను కదా," అన్నాడు పెద్దవాడు. "మాట మీద ఉన్నాను."

నడిపివాడు తల పైకెత్తాడు.

"అది చెల్లెలి సంగతికి అనుకున్నది అన్నయ్యా," అన్నాడు నిదానంగా. "ఆ లెక్క అయిపోయింది. ఇప్పుడు నువ్వడుగుతున్నది నా పెళ్ళాం సంగతి. ఇది వేరే బేరం."

చిన్నమ్మాయి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది.

పెద్దవాడి పెదవులమీద నవ్వు తిరిగి వచ్చింది. మళ్ళీ తెలిసిన వీధిలోకి వచ్చినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. "అడుగు మరి. ఏం కావాలి?"

గుమ్మం దగ్గర నడిపికోడలు ఒక చెప్పు తొడుక్కుంది. రెండోది కాలిముందే ఉంది. తలుపు సగం తెరిచి ఉంది. వెళ్ళిపోవచ్చు.

ఆమె వెళ్ళలేదు. చెయ్యి తలుపుమీద పెట్టి, వెనక్కి తిరగకుండా నిలబడింది. మొగుడి నోటినుంచి తన ధర ఎంత పలుకుతుందో విని వెళదామని.